మంగళగిరిలో కాపురం, మంగళగిరి చూడటం: మీ మూడు ప్రశ్నలకీ నా సమాధానం

మీ పోస్టు చదివాను. మీకు మంగళగిరి ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చింది. మీవారికి ఇంటి నుంచే పని. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు మీతోనే ఉంటారు. హైదరాబాద్ నుంచి మారే ముందు మీరు అడిగినవి మూడు: ఇల్లు ఎక్కడ తీసుకోవాలి, స్థలం ఇప్పుడే కొనేయాలా, వచ్చిపోయే బంధువులకి ఊరు ఎలా చూపించాలి. నేను ఈ ఊళ్లోనే పుట్టాను. ఉద్యోగం విజయవాడలో చేసినా కాపురం ఇక్కడే. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను.

ముందు ఇంటి సంగతి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఇల్లు వెతకడం అంటే ఆఫీసుకి దగ్గర అనే లెక్కతోనే మొదలుపెడతారు. అక్కడ అది సరైన లెక్కే. ఇక్కడ మాత్రం అక్కర్లేదు. ఊళ్లో ఏ మూల నుంచైనా ఎయిమ్స్‌కి బండి మీద పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. నైట్ డ్యూటీకైనా అంతే. మీరు డ్యూటీకి వెళ్లిపోతారు, మీవారు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటారు. పగలంతా ఊళ్లో గడిపేది మీ అత్తగారు. ఆవిడకి ఏది దగ్గరో చూసి ఇల్లు తీసుకోండి. నా సలహాలో సగం ఈ ఒక్క మాటే.

ఎందుకంటే మంగళగిరి ఇప్పుడు ఒకే ఊరు కాదు. గాలిగోపురం చుట్టూ ఉన్నది పాత ఊరు. మెయిన్ బజారు, గుడి చుట్టూ వీధులు, చేనేత కుటుంబాల ఇళ్లు, గోడకి గోడ ఆనుకున్న పెంకుటిళ్లు, వాటి మధ్య కొత్తగా లేచిన మూడంతస్తుల డాబాలు. ఈ ఊరు గుడి టైము ప్రకారం నడుస్తుంది. తెల్లవారుజామునే లేస్తుంది, మధ్యాహ్నం కునుకు తీస్తుంది, సాయంత్రం గుడి మళ్లీ తెరిచాక వీధిలోకి వస్తుంది. రెండోది హైవే పొడుగునా పెరిగిన కొత్త ఊరు. అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు, కార్ల షోరూములు. చినకాకాని వైపు ప్రైవేటు మెడికల్ కాలేజీ, ఆత్మకూరు వైపు పార్టీ ఆఫీసు, డీజీపీ ఆఫీసు కూడా ఈ చుట్టుపక్కలే. ఇది డ్యూటీ టైముల ప్రకారం నడిచే ఊరు. పక్క ఫ్లాట్‌లో ఎవరుంటున్నారో తెలియకుండానే ఏడాది గడిచిపోతుంది.

మీ అత్తగారు నలుగురితో మాట్లాడే మనిషైతే పాత ఊరికి నడిచి వెళ్లేంత దూరంలో చూడండి. కొండ కింద ఉన్న లక్ష్మీనరసింహస్వామి గుడికి మెట్లెక్కే పని లేకుండా సాయంత్రం వెళ్లి కూర్చోవచ్చు. పాలు, కూరలు, మందుల షాపు, టిఫిన్ బండి అన్నీ వీధి చివరే దొరుకుతాయి. ఆవిడ పది రోజులు కనిపించకపోతే ఎవరో ఒకరు ఇంటికొచ్చి ఆరా తీస్తారు. మీకు అది ఇబ్బందిగానూ ఉండొచ్చు, ముందే చెబుతున్నా. మీరు నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి పడుకుంటే "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా" అని తలుపు కొట్టేవాళ్లుంటారు. కారు పెట్టుకోవడానికి చోటుండదు. గుడి మైకు ఉంటుంది. ఇవి మీకు పడవనుకుంటే గౌతమ బుద్ధ రోడ్డుకి అటూ ఇటూ ఉన్న కాలనీల్లో చూడండి. పాత ఊరికి ఆటోలో ఐదు నిమిషాలు, కారుకి చోటు, కాస్త గాలీ వెలుతురూ ఉంటాయి. మీ పరిస్థితికి నాకు తోచినంతలో అదే మధ్యేమార్గం. హైవే పక్కనే ఉన్న పెద్ద అపార్ట్‌మెంట్ తీసుకోమని మాత్రం మీ ముగ్గురికీ నేను చెప్పను. మోకాళ్ల నొప్పులున్న మనిషికి హైవే దాటడం రోజూ ఒక టెన్షన్.

ఇల్లు చూసేటప్పుడు అద్దె కంటే ముందు రెండు ప్రశ్నలు అడగండి. కుళాయి నీళ్లు ఏ టైముకి వస్తాయి, బోరు నీళ్లు ఎలా ఉంటాయి? గట్టి వాన పడితే వీధిలో నీళ్లు ఎంతసేపు నిలుస్తాయి? రెండోదానికి ఓనరు "అస్సలు నిలవవండీ" అనే అంటాడు. కాబట్టి ఎదురింటివాళ్లని అడగండి. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకి కాజ టోల్‌గేటు దగ్గర హైవే మీదికే నీళ్లొచ్చాయి. అప్పుడు ఈ వీధి ఎలా ఉందో అడిగితే కచ్చితమైన జవాబు వస్తుంది, ఎందుకంటే ఆ వారం ఎవరూ మర్చిపోలేదు. కొండ వాలుకి ఆనుకుని ఉన్న ఇళ్లు అద్దె తక్కువని చూపిస్తారు. వాననాడు పైనుంచి మట్టి, రాళ్లు జారే చోట్లవి. వద్దు.

ఎండల గురించి హైదరాబాద్ వాళ్లకి ఎంత చెప్పినా తక్కువే. అక్కడ రాత్రికి కాస్త చల్లబడుతుంది. ఇక్కడ మే నెలలో పగలు వేడి, రాత్రి ఉక్క. కొండ రాయి పగలంతా కాగి, పొద్దుపోయాక కూడా సెగ వదులుతూనే ఉంటుంది. పై అంతస్తు ఇల్లు తీసుకోకండి. పడమటి గోడకి నీడ ఉందో లేదో చూడండి.

రాకపోకలు ఇక్కడ సుఖం. విజయవాడ పన్నెండు, పదమూడు కిలోమీటర్లు, గుంటూరు ఇరవై చిల్లర. రెండింటి మధ్యా బస్సులు తిరుగుతూనే ఉంటాయి, ఊళ్లో రైల్వే స్టేషనూ ఉంది. హైదరాబాద్ వెళ్లాలంటే మాత్రం విజయవాడ వెళ్లి రైలెక్కడమే నయం. ఇబ్బందల్లా కృష్ణ మీది వారధి దగ్గర సాయంత్రం ట్రాఫిక్, మధ్య మధ్య వీఐపీల కాన్వాయ్‌లు. పెద్ద పార్టీల ఆఫీసులు మంగళగిరి, తాడేపల్లి చుట్టూనే ఉన్నాయి కాబట్టి ఏదో ఒక రోజు ఎవరో ఒకరి కోసం రోడ్డు ఆపుతారు. ఆసుపత్రి ఉద్యోగం కదా, డ్యూటీకి ఊరి లోపలి దారి కూడా ఒకటి తెలుసుకుని పెట్టుకోండి.

ఎయిమ్స్ గురించి ఒక మాట. అది ఒకప్పటి టీబీ శానిటోరియం స్థలంలో వచ్చింది. అప్పట్లో ఊరికి దూరంగా, కొండగాలి తగిలేచోట ఉండాలని అక్కడ పెట్టారు. మా చిన్నప్పుడు అటువైపు ఆడుకోవడానికి వెళ్తే తన్నేవాళ్లు. ఇప్పుడు గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల నుంచి జనం తెల్లారేసరికి ఓపీ లైన్లో ఉంటున్నారు. దాని చుట్టూ లాడ్జీలు, మెస్సులు, మందుల షాపులు లేచాయి. 2019లో ఓపీ మొదలైన దగ్గర్నుంచి ఊరు ఆ వైపుకి పాకుతోంది. రాజధాని వచ్చినా రాకపోయినా ఆసుపత్రి మాత్రం నిలబడింది. ఊరు పెరగడానికి కారణాలు చాలా చెబుతారు కానీ, రోజూ కళ్ల ముందు కనిపించే కారణం నాకు అదే.

ఇక స్థలం. ఇక్కడ రేట్లు ఎలా నడిచాయో చెబితే మీకే అర్థమవుతుంది. 2014లో రాజధాని ఇక్కడేనన్నారు, 2015 అక్టోబరులో అమరావతి శంకుస్థాపన జరిగింది, సెంటు రేటు చెప్పడానికే జనం భయపడేంత పెరిగింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది, కొన్నవాళ్లు అమ్మలేక, అమ్మేవాళ్లకి కొనేవాడు దొరక్క కూర్చున్నారు. 2024 ఎన్నికల తర్వాత మళ్లీ ఫోన్లు మోగడం మొదలైంది. ఈ పదేళ్లలో లాభపడ్డవాళ్లలో ఎక్కువమంది అవసరం లేకుండా కొని, అవసరం లేనప్పుడే అమ్మినవాళ్లు. అప్పు చేసి కొన్నవాళ్ల కథ వేరు. మీరు కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అద్దెకి ఉండి ఆ తర్వాతే కొనడం గురించి ఆలోచించండి. "ఈ నెల దాటితే రేటు పెరుగుతుంది సార్" అనే మాట ఇక్కడ పదేళ్లుగా ప్రతి నెలా వింటున్నాం.

కొనే రోజు వచ్చినప్పుడు ఒక పని మాత్రం మానకండి. ఆ సర్వే నంబరు, రిజిస్ట్రేషను చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. ఈ ఊళ్లో ఇది మామూలు జాగ్రత్త కాదు. కృష్ణదేవరాయల మంత్రి తిమ్మరుసు 1515లో కొండవీడు పట్టుకున్న సంగతి ఇక్కడి రాతిస్తంభం మీద చెక్కి ఉంది. ఆ కాలం శాసనాల్లోనే ఈ గుడికి ఊళ్లకి ఊళ్లలో భూములిచ్చిన వివరాలున్నాయి. అయిదు వందల ఏళ్లలో ఆ మాన్యాలు ఎన్ని చేతులు మారాయో, ఎవరు కౌలుకి చేశారో, ఎవరు తమవే అనుకున్నారో చెప్పడం కష్టం. దేవాదాయ భూమి అని తేలితే మీ రిజిస్ట్రేషను నిలబడదు. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించండి, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత అమ్మకాల దస్తావేజులు లాయరుకి చూపించండి, లేఅవుట్‌కి సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్పీ నంబరు, అంటే అనుమతి నంబరు అడగండి, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదై ఉందో లేదో చూడండి. నవులూరు, యర్రబాలెం, బేతపూడి, నిడమర్రు, కురగల్లు లాంటివి మంగళగిరి మండలంలోని ఊళ్లే అయినా రాజధాని నగర పరిధిలోకి వస్తాయి. అక్కడ భూసమీకరణలో రైతుకిచ్చిన ప్లాటు వేరు, పొలం వేరు, పాత గ్రామకంఠంలో (ఊరి ఇళ్ల స్థలంలో) ఇల్లు వేరు. మూడింటినీ ఒకే మాటగా "రాజధానిలో ప్లాట్" అని అమ్ముతారు. ఏది కొంటున్నారో కాగితం మీద తేల్చుకోండి. 2021లో మంగళగిరి, తాడేపల్లి పురపాలికలు కలిపి నగరపాలక సంస్థ చేశారు కాబట్టి పాత ఇంటికి పన్ను రసీదు, నీటి కనెక్షను ఎవరి పేరున ఉన్నాయో కూడా చూడండి.

ఇప్పుడు ఇష్టమైన సంగతికి వస్తాను, బంధువులకి ఊరు చూపించడం.

అందరూ చేసే పొరపాటు ఏంటంటే విజయవాడలో అమ్మవారి దర్శనం చేసుకుని, భోంచేసి, తీరిగ్గా మధ్యాహ్నం మంగళగిరి వస్తారు. కొండ మీది పానకాల స్వామి గుడి మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో మూసేస్తారు, ఇక ఆ రోజుకి తెరవరు. సాయంత్రం నుంచి దేవతలు వచ్చి పూజ చేస్తారని నమ్మకం. కాబట్టి వరస తిప్పండి. పొద్దున్నే కొండ, తర్వాతే ఏదైనా.

కొండ నడుమ ఉన్న పానకాల స్వామికి విగ్రహం ఉండదు. తెరుచుకున్న నోరు మాత్రమే, దాని మీద లోహపు ముఖం. మీరు బెల్లం పానకం బిందె ఇస్తే పూజారి శంఖంతో ఆ నోట్లో పోస్తారు. పోస్తుంటే గుటకలు వేస్తున్నట్టు శబ్దం వస్తుంది. కాసేపటికి ఆ శబ్దం ఆగిపోతుంది, ఆయన పోయడం ఆపేస్తారు. మిగిలిన సగం మీకు ప్రసాదం. చిన్న బిందె ఇచ్చినా పెద్ద బిందె ఇచ్చినా సగమే తాగుతాడని చెబుతారు. రోజంతా అంత బెల్లం నీళ్లు పోసే చోట చీమలు పట్టవని కూడా అంటారు. ఇది ఒకప్పటి అగ్నిపర్వతమనీ, లోపల గంధకం ఉండి బెల్లం నీళ్లు దాన్ని చల్లారుస్తాయనీ ఒక వాదన వినిపిస్తుంటుంది. మీ బంధువుల్లో ఒకరైనా ఆ మాట ఎత్తుతారు. అక్కడ వాదనకి దిగకండి, లైను వెనక ఉన్నవాళ్లు ఊరుకోరు. పిల్లలని ముందు వరసలో నిలబెట్టండి, శబ్దం వాళ్లకి వినిపించాలి.

పైకి వెళ్లడానికి రెండు దారులు. మెట్లు 1890లో చన్నాప్రగడ బలరామదాసు గారు వేయించినవి. ఓపిక ఉన్నవాళ్లకి పొద్దున ఆరింటికి అదే అందం, కింద ఊరు మెల్లగా లేవడం కనిపిస్తుంది. మెట్ల మొదట్లో కుడివైపు చైతన్య మహాప్రభువు పాదముద్రలు చూపిస్తారు, ఆగి చూడండి, చాలామంది హడావుడిలో దాటిపోతారు. మీ అత్తగారిని మాత్రం ఘాట్ రోడ్డు మీద కారులో తీసుకెళ్లండి. శిఖరాన గండాల నరసింహస్వామి ఉన్నాడు. అక్కడా విగ్రహం లేదు, దీపం పెడతారు. గండాలు పోతాయని మొక్కుకున్నవాళ్లు పెట్టే దీపం అది, రాత్రి చుట్టుపక్కల ఊళ్లకి కనిపిస్తుంది. అక్కడిదాకా వెళ్లాలంటే మోకాళ్లు సహకరించాలి.

దిగాక గాలిగోపురం. పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు, వెడల్పు 49 అడుగులే. అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807 నుంచి 1809 మధ్య కట్టించాడు. అంత సన్నగా అంత ఎత్తు లేపడం వల్లే దగ్గర నిలబడి చూస్తే అది మీ మీదికి వంగినట్టు ఉంటుంది. కట్టాక గోపురం నిజంగానే ఒరిగిందనీ, కంచి స్థపతుల సలహా మీద ఎదురుగా కోనేరు తవ్వితే నిటారుగా నిలిచిందనీ ఊళ్లో కథ. ఇంజినీర్లైన బంధువులు ఈ కథకి నవ్వుతారు, నవ్వనివ్వండి, కోనేరు ఎలాగూ చూడదగ్గదే. ఫొటో కావాలంటే మరీ దగ్గరికి వెళ్లకండి, వీధిలో వెనక్కి వెనక్కి నడవండి, లేదంటే పైన సగమే వస్తుంది.

చీరల కోసం వచ్చేవాళ్లు ఎలాగూ ఉంటారు. మంగళగిరి చీర అంటే ఒళ్లంతా సాదా నూలు, అంచున జరీ. నిజాం అంచు అని చిన్న చిన్న గోపురాల వరసలా వచ్చేది ఈ ఊరి గుర్తు. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కానీ షాపులో ఉన్నదంతా చేతి మగ్గం మీద నేసింది కాదు, పవర్‌లూమ్ సరుకు పక్కనే ఉంటుంది. అంచు చివర వెలుతురుకి పెట్టి చూడండి. చేత్తో నేసేటప్పుడు బట్ట కుంచించుకుపోకుండా రెండు అంచులకీ ముళ్లున్న కర్ర బిగిస్తారు, ఆ ముళ్ల సన్నటి చిల్లులు అంచు పొడుగునా వరసగా ఉంటాయి. అవి ఉంటే చేతి నేత అనడానికి మంచి గుర్తు. లేకపోతే షాపతన్ని చేనేత ముద్ర చూపించమనండి.

వీలైతే షాపు కంటే ముందు ఒక నేతగాడి ఇల్లు చూపించండి. తెలిసినవాళ్ల ద్వారా అడిగితే కాదనరు. మగ్గం నేల మీద ఉండదు, గుంటలో ఉంటుంది. ఆయన గుంటలో కాళ్లు దించి కూర్చుంటాడు, కాళ్లతో తొక్కుడు కర్రలు, చేత్తో అడ్డదారం నడిపే నాడె. పక్కన ఇంటావిడ రాట్నం మీద కండెలు చుడుతూ ఉంటుంది, ఆ పనికి వేరే కూలి లెక్క ఉండదు, చీర కూలిలోనే కలిసిపోతుంది. వానాకాలంలో గుంటలోకి చెమ్మ ఊరుతుంది, పడుగు (నిలువు నూలు) బిగుసుకోదు, కొన్నాళ్లు పని ఆగిపోతుంది. ఆ రోజులకి కూలి లేదు. మీ బంధువులు అది చూశాక షాపులో రెండొందలు తగ్గించమని బేరమాడటం కాస్త తగ్గిస్తారు. చూడ్డానికి వెళ్తే ఊరికే ఫొటోలు తీసుకుని వచ్చేయకండి, ఒక్క తువ్వాలైనా కొనండి. కొత్త కాలనీలు వస్తున్నకొద్దీ పాత ఊళ్లో మగ్గం చప్పుళ్లు తగ్గుతున్నాయి. ఆ ఇళ్ల పిల్లలు చదువుకుని విజయవాడలోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేస్తున్నారు, వాళ్లని తప్పుపట్టడానికేం లేదు.

మధ్యాహ్నం మిగిలితే ఉండవల్లి గుహలకి వెళ్లండి, ఏడెనిమిది కిలోమీటర్లు. ఒకే కొండని తొలిచి నాలుగు అంతస్తులు చేశారు, లోపల పడుకున్న అనంతపద్మనాభుడు ఇరవై అడుగుల పైచిలుకు. ఎండలో రాతి మెట్లు కాలుతాయి, నాలుగు దాటాక వెళ్తే మేలు. అమరావతి స్తూపం, మ్యూజియం, అమరేశ్వరుడి గుడి ఇంకో ముప్పై కిలోమీటర్లు, వాటిని అదే రోజులో ఇరికించకండి.

ఊరిని నిండుగా చూడాలంటే ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాలప్పుడు రావాలి. శుద్ధ షష్ఠినాడు మొదలవుతాయి. చతుర్దశి కల్యాణం, దాని ముందు ఎదురుకోల, అందులో చెంచులు అమ్మవారిని తమ ఆడపడుచు అని వచ్చి పాల్గొంటారు. పౌర్ణమినాడు తిరునాళ్లు, రథం. లక్ష మందికి పైగా వస్తారు. ఊళ్లో ఉన్నవాళ్లకి అదే అసలు పండగ, దసరా సంక్రాంతులు దాని తర్వాతే. వేరే ఊళ్లో ఉన్న ఆడపిల్లలు పుట్టింటికి వచ్చేది అప్పుడే. మీ అత్తగారికి పరిచయాలు పెరిగేది కూడా అప్పుడే. 2028లో కృష్ణా పుష్కరాలు కూడా ఉన్నాయి, ఆ పన్నెండు రోజులు విజయవాడ, మంగళగిరి మధ్య రోడ్డు ఎలా ఉంటుందో 2016లో చూశాం. మీ ఇంటికి వచ్చే బంధువుల సంఖ్య కూడా అప్పుడే తెలుస్తుంది.

మీరు చేరే నెల మీ చేతుల్లో ఉంటే నవంబరు నుంచి జనవరి లోపు పెట్టుకోండి, ఇల్లు వెతకడానికి తిరగగలుగుతారు. ఫిబ్రవరి, మార్చి అయితే పంచాంగం చూసుకోండి. పాత ఊరి వైపు ఇల్లు తీసుకుంటే సామాన్ల లారీ తిరునాళ్ల వారంలో మాత్రం తెప్పించకండి, రథం తిరిగే వీధుల్లోకి ఆ రోజుల్లో లారీని రానివ్వరు.